మగ్గం నెత్తిన ఇటుక గోడ వద్దు

గుంటూరు, 12-5-1961

నాన్నకు నమస్కారాలతో అంకమ్మరావు రాయునది. నేను కులాసా. కార్డు అందగానే మేడ మీద ఇటుక గోడ పని ఆపించండి. తప్పు నాదే. చెక్క గోడ పాతకాలపు బుద్ధి అని ఏదో కరపత్రం చదివి, అదే చాలన్న వడ్రంగి బుల్లయ్య మామ మీద ఎగిరి ఇటుక గోడ మొదలుపెట్టించాను.

నిన్న మా వీధిలో మేడ కడుతున్న పానకాలు మేస్త్రితోనూ అదే వాదించాను. ఆయన నవ్వి, దూలం నడుమ నుంచి తాడుకు కట్టిన తూకం గుండును నేలకు గోరంత ఎత్తున వేలాడదీశాడు. పైన ఇటుకలు వరసగా పేర్పించాడు. అంత లావు దూలం చడీచప్పుడు లేకుండా వంగింది. నా కళ్ల ముందే గుండు దిగి నేలను తాకింది!

"ఇటుక గోడకి కింద గోడ ఉండాలబ్బాయ్! నీ పుస్తకంలో రాయలేదా?" అన్నాడు.

మనకు కింద గోడేది? మగ్గం కోసం అంతా ఒకటే గది చేశాం. సరిగ్గా ఆ ఇటుక గోడ కిందే మీరు కూర్చుని నేస్తారు.

చెక్క గోడే పెట్టించండి. బుల్లయ్య మామను మళ్లీ పిలవండి, వచ్చి కాళ్లు పట్టుకుంటానని చెప్పండి. అమ్మ దగ్గు తగ్గిందా? నా పెట్టెలో కరపత్రాలు మాత్రం పొయ్యిలో పెట్టనివ్వకండి. అమ్మకు నమస్కారాలు, చెల్లి మల్లేశ్వరికి దీవెనలు. లేచిన ఇటుక వరసలు దింపేదాకా మీరు మగ్గంలో కూర్చోకండి నాన్నా.