పట్టుకుంటే తెగే పిలుపు

లోమా ఆల్తా,
ఆదివారం

ప్రియమైన చెల్లీ నోయెమీ,

పాలబండి సెగుందో చేతికిచ్చి పంపుతున్న ఈ ఉత్తరం చూసి నవ్వకు. ఫోన్లుండగా ఉత్తరాలేమిటంటావా? అంతా నీ లూసెరో ఫోన్ పుణ్యమే. నిన్న నేను చేసిన ప్రతిసారీ నువ్వు "అక్కా" అనడం, లైను తెగిపోవడం. గుప్పిట్లో పట్టుకుంటే చాలు, సిగ్నల్ పోతుందట కదా. మీ ఊరంతా అదే కొని, ఇప్పుడు అంగడివాణ్ణి తిట్టిపోస్తున్నారని సెగుందో చెప్పాడు.

ఇక్కడ కొండమ్మ మళ్ళీ బూడిద కక్కుతోంది. కొండకు కావలి ఉంటానని ఒప్పుకున్నప్పటి నుంచి నాకు కంటిమీద కునుకు లేదు. పైన గట్టి వాన పడితే ఆ బూడిదంతా బురదై మీ ఏట్లోకే దిగుతుంది. నా కంటబడిన కాసేపటికే మీ వంతెన మీద ఉంటుంది. నీ ఇల్లేమో ఏటి ఒడ్డున. ఆ ఫోన్ మార్చు తల్లీ. మీ ఆయన ఫెర్మీన్‌ని అడిగానని చెప్పు.

నీ అక్క,
ఎల్వియా


వంతెన ఊరు,
బుధవారం

ప్రియమైన అక్కా,

తప్పు ఫోన్‌ది కాదట, పట్టుకోవడంలో ఉందట. కంపెనీవాళ్ళే చెప్పారు. వేళ్ళ కొసలతో పట్టుకోవాలట. మా ఆయన "నువ్వు కొన్నది ఫోనా, కోడిగుడ్డా?" అని ఒకటే నవ్వడం. గుడి మెట్ట ఎక్కితే మాత్రం బాగానే పలుకుతుంది.

నాన్న రేడియో మరిచిపోయావా? అప్పుడు కొండమ్మ పేలినప్పుడు ఊరు ఖాళీ చెయ్యమన్న కబురు ముందు మనింట్లోనే వినపడింది, ఈ కంపెనీదే ఆ లూసెరో రేడియోలో. ఆ నక్షత్రం గుర్తు చూస్తే నాన్న పక్కనే ఉన్నట్టుంటుంది. మార్చడం నా వల్ల కాదు.

పండుగ చిచ కల్లుకి మొక్కజొన్న నానబెట్టాను. పోయినేడు ఫాదర్ తన తీరిక చూసుకుని వారం ముందే జరిపించాడు, ఈసారి ఏం చేస్తాడో. మీ పై ఊరి నుంచి తారాజువ్వలు వినబడగానే మేమంతా ఎప్పట్లాగే వంతెన మీదికొచ్చి, ఊరేగి వచ్చే పునీతుడి విగ్రహానికి ఎదురు నిలబడతాం. నువ్వు ఊరికే హడలిపోకు.

నీ నోయెమి


లోమా ఆల్తా,
శుక్రవారం

ప్రియమైన చెల్లీ,

నిన్నటి నుంచి శిఖరం కనబడటం లేదు. నల్లమబ్బు కూర్చుంది. ఇప్పుడే నీకు చేశాను, మళ్ళీ తెగింది. నీ మొండితనానికి ఏడుపొస్తోంది. నాన్నను తలచుకో, ఎవరొద్దన్నారు? ఆ కంపెనీ మన నాన్న కాదే.

ఇది జాగ్రత్తగా చదువు. పండుగ జువ్వలు మా ఇంట్లోనే ఉన్నాయి. బురద దిగడం చూశాక నీకు ఫోన్ అందకపోతే అవి కాలుస్తాను. ఈ ఏడు పండుగ ముందుకు జరగలేదు, ఫాదర్‌ని అడిగాను. కాబట్టి ముందే జువ్వలు వినబడితే అది పండుగ కాదు. వంతెన వైపు పోవద్దు, మెట్ట ఎక్కండి. ఇంటింటికీ చెప్పు. అందిందని ఒక్క ముక్క రాసి పంపు. అది వచ్చేదాకా నాకు ముద్ద దిగదు.

నీ అక్క,
ఎల్వియా


గుడి మెట్ట

ప్రియమైన అక్కా,

నీ ఉత్తరం ఈ రోజు అందింది. దారి మీద బూడిద పేరుకుపోయి సెగుందో బండి ఇన్నాళ్ళూ కదల్లేదట. చదివి పొయ్యిలో పెట్టాను.

ఆ మధ్యాహ్నం ఫోన్ మోగితే ఆత్రంగా గుప్పిట్లోకి తీసుకున్నాను. నా పేరు సగం పలికావు, తెగింది. అంతలో జువ్వలు. పండుగ ముందుకొచ్చిందన్నారు అందరూ. ఫెర్మీన్ చిచ కుండ భుజానికెత్తుకున్నాడు. పూలు పట్టుకుని నేనూ వంతెన మీదికి వెళ్ళాను. పునీతుణ్ణి ఎంతదాకా తెచ్చారో నిన్ను అడుగుదామని ఫోన్ తీస్తే సిగ్నల్ లేదు.

"మెట్టెక్కి రా పో. నీ లూసెరోకి ఆకాశం దగ్గరుండాలిగా. నీ చోటు నేను పట్టి ఉంచుతాలే" అన్నాడు ఫెర్మీన్. అందరూ నవ్వారు.

సగం ఎక్కేసరికి ఫోన్ పలికింది. నువ్వు "బురద, బురద" అంటున్నావు. వెనక్కి తిరిగి గొంతు చించుకుని అరిచాను. కింద బాజాలు మోగుతున్నాయి. వాళ్ళు నన్ను చూసి చేతులూపారు. ఫెర్మీన్ కుండ పైకెత్తి చూపించాడు.

వంతెన లేదక్కా. ఫెర్మీన్ దొరకలేదు.

గుడిలో తలదాచుకున్నవాళ్ళంతా ఒక్కటే అడుగుతున్నారు, జువ్వలు కాల్చిందెవరని. నాకు తెలియదన్నాను. మమ్మల్ని బతికించాలనే కాల్చావు, నాకు తెలుసు. నేను ఫోన్ మార్చి ఉంటే నీకా అవసరమే వచ్చేది కాదు. అది వాళ్ళకి చెప్పే ధైర్యమూ నాకు లేదు.

మెట్ట మీద ఫోన్ చక్కగా పలుకుతోంది. పక్కనున్నవాళ్ళకి కూడా అవతలి గొంతు వినబడుతోంది. నాకు ఫోన్ చెయ్యకు.

నీ నోయెమి