మా ఆవిడకు రోజూ పది నిమిషాలు

ముప్పై నాలుగేళ్ళు లిఫ్టులు బాగుచేసి, రెండేళ్ళ కిందట గుండె మొరాయించడంతో ఇంటిపట్టున ఉంటున్న నేను, పూర్తి తెలివితో, ఎవరి ఒత్తిడీ లేకుండా, మనస్ఫూర్తిగా రాయించిన వీలునామా ఇది. గుండె సంగతి డాక్టరు చెప్పాడు. బుర్ర సంగతి నేను చెబుతున్నాను, భేషుగ్గా ఉంది. ఇంతకుముందు నేను ఏ వీలునామా రాయలేదు. మా ఆవిడ మాత్రం తొమ్మిది రాసింది, అలిగినప్పుడల్లా ఒకటి. వాటిలో దేనిమీదా సాక్షి సంతకం లేదు కనుక ఎవరూ కంగారు పడనక్కర్లేదు.

1. మేము కాపురముంటున్న మూడో అంతస్తు ఫ్లాటు నా స్వార్జితం. నా తదనంతరం నా భార్య జీవించి ఉన్నంతకాలం దానిని నిరాటంకంగా అనుభవించవలసినది. ఆమె తరువాత మా ఏకైక కుమార్తెకు సర్వహక్కులతో చెందవలసినది. నా భార్య బతికుండగా ఇల్లు అమ్మడానికి గాని, ఆమెను మరోచోటికి తరలించడానికి గాని ఎవరికీ హక్కు లేదు. అమ్మాయీ, "ఏదైనా హోములో చేర్పించు నాన్నా, అమ్మతో నావల్ల కాదు" అన్నావు పోయిన నెల. కోపంలో అన్నావని తెలుసు. నా భయమంతా అదే కాబట్టి కాగితం మీద పెడుతున్నాను.

2. హాల్లో కిటికీ పక్కనున్న పడక కుర్చీ మా ఆవిడ అన్నగారికి ఇవ్వవలసినది. ఇరవై ఏళ్ళుగా ఆయన అందులోనే వాలి, మా టీ తాగుతూ, చెల్లెలు కంటతడి పెట్టుకున్నప్పుడల్లా "అదిగో, మొదలైంది దీని నాటకం" అని వచ్చిన వాళ్ళందరికీ చెప్పాడు. ఒక్కనాడూ ఆయన నోరు మూయించలేకపోయాను. ఇకమీదట ఆ కుర్చీ వాళ్ళింట్లో వేసుకుని, అక్కడే కూర్చోవలసినది.

3. నా పనిముట్ల పెట్టె, పెద్ద టార్చి, తోలు చేతితొడుగులు నాతో పనిచేసిన హెల్పరు, మేమంతా స్ప్రింగు అని పిలిచే కుర్రాడికి చెందవలసినవి. ఈ వీలునామా అమలు బాధ్యత కూడా అతనిదే. పనిలో మా ఇద్దరికీ ఒకటే రూలు. లిఫ్టులో బెల్లు మోగిందా, పరుగెత్తాలి. పిల్లలు ఆడుకుంటూ నొక్కారా, నిజంగా ఎవరైనా ఇరుక్కున్నారా అని కింద నిలబడి వాదించుకోకూడదు. బయట ఈ రూలు నేను ఒక్కసారి కూడా తప్పలేదు. ఇంట్లో తప్పాను.

4. నల్ల అట్ట నోటుబుక్కు మా అమ్మాయికి. ఇందులో ఏముందో చెప్పే ముందు ఇంకో సంగతి ఒప్పుకోవాలి.

అమ్మాయీ, నీకు పన్నెండేళ్ళప్పుడు మనం మార్కుల ఆట మొదలుపెట్టాం. అమ్మ గుండె పట్టుకుని సోఫాలో వాలగానే నువ్వు ఆమె వెనక నిలబడి వేళ్ళు చూపించేదానివి, పదికి ఆరు, పదికి ఏడు. నేనూ చూపించేవాణ్ణి. నవ్వాపుకోలేక చచ్చేవాళ్ళం. నీ పదిహేనో ఏట ఒక ఆదివారం మధ్యాహ్నం అమ్మ కడుపు పట్టుకుని వంటింటి గుమ్మంలో కూలబడింది. నువ్వు ఎనిమిది చూపించావు. "తిన్నాక చూద్దాంలే" అని నేను కంచంలో ఉన్నదంతా తీరిగ్గా తిన్నాను. అపెండిక్స్ పగిలిందని ఆస్పత్రిలో చెప్పేదాకా మనకు తెలియలేదు. ఇంతవరకూ నీకు తెలిసిందే. తెలియనిది ఒకటుంది. స్పృహ వచ్చాక ఆమె నన్ను అడిగిన మొదటిమాట, "ఈసారి ఎన్ని మార్కులొచ్చాయండీ?" అని. మన వేళ్ళు అల్మారా అద్దంలో ఆమెకు మొదటినుంచీ కనబడుతూనే ఉన్నాయట. మూడేళ్ళు కడుపులోనే దాచుకుంది. ప్రతిదానికీ ఊరంతా వినేలా ఏడ్చే మనిషి, ఇది మాత్రం ఎవరికీ చెప్పలేదు. నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

ఆ తరువాతే ఆమెను మానసిక వైద్యురాలి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆవిడ చెప్పినవన్నీ ఆ నోటుబుక్కులో ఉన్నాయి. దీన్ని హిస్ట్రియానిక్ పర్సనాలిటీ డిజార్డర్ అంటారట. నటన కాదండీ, అంది ఆవిడ. నలుగురి దృష్టీ తనమీద లేకపోతే తానసలు లేనట్టే అనిపిస్తుందట. లోపలి బాధ నిజమే, బయటికి వచ్చేటప్పుడు పెద్దదైపోతుంది. వారం కిందట పరిచయమైన మనిషి ప్రాణస్నేహితురాలు కావడం, పెళ్ళిపేరంటం అక్కర్లేకుండానే అంత అలంకరణ, మాటకు ముందు కన్నీళ్ళు, అన్నీ అందులోవే. ఎందుకొచ్చిందో ఒక్క కారణం చెప్పలేనంది. ఏడుగురు పిల్లల ఇంట్లో, జ్వరం వచ్చినప్పుడు మాత్రమే వాళ్ళమ్మ తన నుదుటిమీద చెయ్యి వేసేదని మా ఆవిడ ఒకసారి ఆ గదిలో చెప్పింది. నాకు అది చాలు. మందులకన్నా మాట్లాడి చేసే వైద్యమే దీనికి ముఖ్యమట. మా ఆవిడ నాలుగుసార్లు అలిగి మానేసింది, నాలుగుసార్లూ మళ్ళీ వెళ్ళింది. ఇప్పటికీ వెళుతోంది.

నీ స్కూల్లో బహుమతుల రోజున అమ్మ స్టేజీ ఎక్కి వెక్కివెక్కి ఏడ్చి ఫోటోలన్నీ తనవే చేసుకుంది. నీ కాన్పు రోజున కారిడార్లో పడిపోతే నర్సులు నిన్ను వదిలి అటు పరుగెత్తారు. అవి నీకు జరిగిన అన్యాయాలే. జబ్బు పేరు చెప్పి వాటిని నేను కొట్టేయలేను. నువ్వు క్షమించకపోయినా నీ తప్పు కాదు.

5. అయినా ఒకటి అడుగుతున్నాను. రోజూ పది నిమిషాలు అమ్మకు ఇవ్వవలసినది. ఎదురుగానైనా సరే, ఫోన్లోనైనా సరే. ఆమె ఏ గొడవా చెయ్యకముందే, మామూలుగా ఉన్నప్పుడే ఇవ్వాలి, అదే కిటుకు. ఏం తిన్నావు, ఎవరొచ్చారు, ఆ కొత్త చీర ఎలా ఉంది, ఇవే. అరిచి అడిగినదానికి లొంగిపోనక్కర్లేదు. "విన్నానమ్మా, కాసేపాగి మాట్లాడదాం" అని, నిజంగా కాసేపాగి మాట్లాడు. చచ్చిపోతానని అందంటే మాత్రం, వందోసారి అన్నా సరే, వెళ్ళు. డాక్టరమ్మ నంబరు నోటుబుక్కు మొదటి పేజీలో ఉంది. నొప్పి అంటే ముందు ఆస్పత్రి, తరువాత ఆలోచన. ఈ క్లాజు కోర్టులో నిలవదండీ అని వకీలుగారు నవ్వారు. కోర్టు కోసం రాయలేదు కదా, రాయండి అన్నాను.

6. మూడు రెక్కల అద్దం, ఎర్ర శాలువా, నేను కొనిచ్చినవీ కొనివ్వలేక తనే కొనుక్కున్నవీ అయిన సమస్త అలంకరణ సామగ్రి నా భార్యకు సంపూర్ణ హక్కుతో. ఇంకో మాట, ఇది మా ఆవిడతోనే. మన బిల్డింగు లిఫ్టులో ఐదో అంతస్తు పెద్దావిడ ఇరుక్కుపోయిన రోజు గుర్తుందా? నేను పైన మోటారు దగ్గర తంటాలు పడుతుంటే, నువ్వు మూసుకున్న తలుపు ముందు కింద కూర్చుని రెండు గంటలు ఆవిడకు కబుర్లు చెప్పావు. కోతి గొంతుతో, పోలీసు గొంతుతో, నా గొంతుతో కూడా. లోపలినుంచి ఆవిడ పకపకా నవ్వడం నాకు పైకి వినబడింది. ఆ రెండు గంటలూ నీ ముఖం చూసేవాళ్ళు ఒక్కరూ లేరు. నిన్ను పెళ్ళాడినందుకు ఎవరైనా నామీద జాలిపడితే నాకు ఒళ్ళు మండేది అందుకే.

7. నేను పోయిన రోజు ఆమె గట్టిగా ఏడుస్తుంది. నా మీద పడుతుంది. రెండు మూడుసార్లు స్పృహ తప్పుతుంది. వచ్చిన ప్రతివాళ్ళకూ మొదటినుంచీ చెబుతుంది. చెప్పనివ్వండి. ఒకరి ముఖాలొకరు చూసుకోవద్దు, లేపి పక్కగదిలోకి తీసుకుపోవద్దు. అలా కాకుండా ఆమె ఏడవకుండా, ఎవరినీ పిలవకుండా, ఒక మూల ఊరికే కూర్చుని ఉంటే, అమ్మాయీ, నన్ను వదిలేసి అమ్మ దగ్గరికి వెళ్ళు. జనం తొందరపెడతారు. పెట్టనీ. నేను ఎంతసేపైనా ఆగుతాను.

పై ఏడు అంశాలూ నాకు చదివి వినిపించగా సరేనని, జూన్ నెల పదకొండవ తేదీ బుధవారం ఉదయం మా ఇంటి భోజనాల బల్ల దగ్గర చేవ్రాలు చేశాను.

(సంతకం) లిఫ్టు మేస్త్రీ

సాక్షులు:
1. (సంతకం) కింది అంతస్తు లెక్కల టీచరుగారు
2. (సంతకం) వీధి మొదట్లో మందుల షాపాయన