దొర బర్రె, దేవుని ఐతారం

నవంబరు 3, 1940. ఐతారం.

ఇయ్యాల ముంత నిండ మీగడ! పదేండ్ల కాపురంల మీగడ చెంచతోటి తీసుడు ఇదే మొదలు. కృపమ్మ మూతికంత పూసుకున్నది, నాకుకుంట నవ్వుతున్నది. జ్వరం పడి లేచిన బిడ్డ. బుగ్గలు జర నిండినయి.

దొర పంపిన బర్రె. దుడ్డెతోటి సహా. "పంతులు బిడ్డ బక్కగైందట, పాలు తాగనీ" అని దొర ఉండే గడీ గుమాస్తా తోలుకొచ్చి, మా గుంజకు కట్టేసి పోయిండు. వద్దనలే మేము. దేవుడే ఇప్పిచ్చిండన్న నేను. మా పంతులు తలూపిండు. మొగుణ్ణి పంతులనుడేందే అని అత్త బతికున్నప్పుడు తిట్టేది. పల్లెంత అట్లనే పిలుస్తది, నేనొక్కదాన్నే వేరే పిలువాల్నా?

పొద్దుగాల మా కిరస్తానపు గుడిల పంతులు చేసే ప్రార్థనకు మస్తు మంది. శేరిగూడ నుంచి గూడ నడిచొచ్చిన్రు. డప్పు, తాళాలు... గుడిసె కప్పు లేచిపోతదనుకున్న.

నవంబరు 6. బుధారం.

బర్రెకు రాణి అని పేరు పెట్టిన. చల్ల చిలికి ఇరుగుపొరుగుకు పోసిన. గుడి అలికే మరియవ్వ, మా పల్లెల అందరికన్న పెద్దది, గటగట తాగి మూతి తుడుసుకున్నది. "కమ్మగుంది గని బిడ్డా, గడీల నుంచి ఊకెనే ఏదీ రాదు" అన్నది.

ముసల్దానికి కుళ్ళు — కాదు. కొట్టేస్తున్న. కుళ్ళు కాదు.

నవంబరు 8. శుక్కురారం.

గుమాస్తా వచ్చిండు. మా అరుగు ముట్టడు గద, నిలవడే మాట్లాడిండు. రాణిని చూసి మెచ్చుకున్నడు. పోతపోత — "దొర పొలంల వరి కోతకొచ్చింది పంతులూ. ఐతారం నీ గంట జర ఆగి కొట్టు. పగటీలి దాంక మనుషులు మాకు గావాలె."

వెట్టి. కూలి లేదు, గింజ లేదు. వారమంత గడీకి చాకిరి చేసేటోళ్ళకు ఐతారం పొద్దు ఒక్కటే సొంతం. అది దొరకూ ఎరుకే.

"జర ఆలస్యమే గదా, మొత్తానికే మానుమనలే గదా" — ఈ మాటన్నది పంతులు గాదు. నేనే.

నవంబరు 10. ఐతారం.

ఎండ నెత్తి మీదికొచ్చినంక గంట కొట్టిండు. గంటంటే గంటేం గాదు, విరిగిన బండి చక్రం ఇనుప పట్టా ముక్క. జనం పొలంల నుంచి అట్లనే వచ్చిన్రు, కాళ్ళ నిండ బురద. పాటకు గొంతులు లేస్తలేవు. మా పక్కింటి ఎల్లయ్య నిలవడే నిద్రవోయి ముందటోని మీద పడ్డడు. అందరు పడి పడి నవ్విన్రు. నేను గూడ. ఇంటికొచ్చినంక మాత్రం నవ్వు రాలే.

నవంబరు 13. బుధారం.

నెయ్యి కాచిన. ఇల్లంత ఘుమఘుమ.

నవంబరు 17. ఐతారం.

ఈసారి ప్రార్థన మాపటికి పెట్టమని గడీ నుంచి కబురు. మాపటికే పెట్టిండు.

పది ఆజ్ఞలు చెప్పిచ్చిండు పంతులు. మూడోది చెప్పిండు... దగ్గిండు... ఐదోదానికి దాటిండు. విశ్రాంతి దినం సంగతి చెప్పే నాలుగోది గొంతులనే మింగిండు.

ఇంట్ల అడిగిన — నాలుగోది ఏదీ?

"యాదికి రాలే."

ఏండ్ల సంది చెప్పే మనిషికి యాదికి రాలేదట! నేనింకా కోపంగనే చూస్తున్న. "రాణి ఒర్రుతున్నది, గడ్డెయ్యిపో" అన్నడు. పోయి ఏసిన.

నవంబరు 20. బుధారం.

గుమాస్తా మళ్ళ. కోతలు, నూర్పిళ్ళు అయ్యేదాంక అసలు ప్రార్థనే వద్దట. పంతులు చేతులు కట్టుకొనే అన్నడు — "వచ్చే ఐతారం మా కోత పండుగ. అదన్న చేసుకోనీ."

"సరే, గా ఒక్కటి చేసుకోర్రి. ఆపైన బంద్."

గుమాస్తా పోయినంక మాకు మాకు లడాయి. నీ నెయ్యి కోసమే అని ఆయన. నీ పిరికితనం కోసమే అని నేను. నేనే ఎక్కువ మాట్లాడిన, ఎప్పటి లెక్కనే. తీరా పాలు పితుకుతుంటె సమజైంది. బర్రెను మేము కట్టేసుకున్నమనుకున్నం. పలుపు మా మెడలకే ఉన్నది. ఒకనాడు జర, ఇంకోనాడు జర. జరజర అనుకుంటనే ఐతారం మొత్తం పాయె.

నవంబరు 23. శనారం.

గుడి అలికినం. వరి కంకులు గుత్తులు కట్టి దూలానికి ఏలాడదీసినం. ఆడోళ్ళందరు పాటలు, పరాచికాలు. రేపు ఎవలింట్ల పండిన మంచిదాన్ని వాళ్ళు తెచ్చి చాప మీద పెట్టాలె. ప్రార్థన అయినంక హర్రాజ్, అదే ఏలం పాట. చాప మీదికొచ్చింది దేవునిది, వాపసు పోదు. మా తాతల కాన్నుంచి ఇదే కాయిదా.

ఒకటి అనుకున్న. రాయను. రాస్తే తెల్లారేసరికి మనసు మారుతదని భయం.

నవంబరు 24. ఐతారం. కోత పండుగ.

అక్షరాలు వంకర పోతున్నయి. నవ్వి నవ్వి!

చాప నిండింది. సొరకాయలు, గుమ్మడికాయలు, మక్క కంకులు, కాళ్ళు కట్టేసిన కోళ్ళు. ఎల్లయ్య ఒకటే గుడ్డు తెచ్చిండు. పంతులు అంటున్నడు — మిగిలింది గాదు, ఇంట్ల ముద్దుగ చూసుకునేది దేవునికి ఇయ్యాలె...

గప్పుడు లేచిన. ఇంటికి పోయిన. పలుపు విప్పిన. రాణిని గుడి తొవ్వ పట్టిచ్చిన. దుడ్డె ఎనుక ఎనుక ఉరుకొచ్చింది. వాకిట్లకు రాంగనే జనం "ఓయమ్మో!" అని పక్కకు జరిగిన్రు. రాణి సీదా చాప దగ్గరికి పోయి ఎవలదో సొరకాయ కసుక్కున కొరికింది!

పంతులు చాప కాడికొచ్చిండు. నన్ను చూసిండు, బర్రెను చూసిండు. నేను ఒక్కటే అన్న — "చాప మీదికొచ్చింది. వాపసు పోదు."

ఏడుస్తడో, తిడతడో అనుకున్న. ఆయన మొగం మెల్లగ విచ్చుకున్నది. పెండ్లైన కొత్తల చూసిన మొగం!

హర్రాజ్ మొదలైంది. మా దగ్గర రూపాయిలేడివి, పాటంత గింజలతోటే. ఎల్లయ్య గుడ్డును ఒకలు మానెడు జొన్నలకు పాడి మళ్ళ చాప మీదనే పెడుతరు, ఇంకొకలు పాడుతరు. గుడ్డు చేతులు మారి మారి చివరికి పాట పాడుకున్న ఎల్లయ్య చేతికే వచ్చింది. ఇగ రాణి వంతు. పంతులే పిలిచిండు — "ఎవలు పాడుతరు?"

బర్రెను పాడేటంత ఎవలింట్ల ఉన్నది?

మరియవ్వ లేచింది. "పల్లె పాడుతది. ఇంటికింత గింజ, ఇంటికొకనాడు పాలు."

అబ్బబ్బా, ఆ లొల్లి! డప్పు ఇరుగుతదనుకున్న. లొల్లి జర తగ్గినంక పంతులు నాలుగో ఆజ్ఞ చెప్పిండు, ఒక్క మాట మింగలే. వచ్చే ఐతారం గంట ఎప్పటి లెక్కనే పొద్దుగాల కొడతనన్నడు. భయమైంది. అయినా కడుపు నిండినట్టున్నది.

నవంబరు 25. సోమారం.

పొద్దున లేవంగనే కృపమ్మ ఏడ్చింది. గుంజ దిక్కు చూసి నేను గూడ ఏడ్చిన, అబద్ధమెందుకు. పగటీలికి పోరి ఎల్లయ్య ఇంట్ల పెరుగన్నం తిని వచ్చింది.

నవంబరు 28. బేస్తారం.

కొరడా వస్తదని చూస్తున్నం. బెల్లం వచ్చింది.

గుమాస్తా నవ్వుకుంట చెప్పిండు — "పంతులుకు బర్రె ఆనలేదా అని దొర నవ్విండు. పెద్ద చెరువు కింద రెండెకరాల తరి పొలం, పంతులు పేరు మీదనే రాసిస్తనన్నడు. శనారం పొద్దుగాల గడీకి రా. ఐతారం సంగతి గూడ గక్కడనే మాట్లాడుకుందం."

రెండెకరాల తరి! మా తాతలు ఆ నేలల వంగి వంగి సచ్చిన్రు, పిడికెడు మన్ను మాది గాలే. కృపమ్మకు పెండ్లి, చదువు, ముసలితనంల మాకింత బువ్వ... నా మనసు గుంజుతున్నది. బర్రెను ఇచ్చేసి మస్తు గెలిచిననుకున్న గద.

నవంబరు 30. శనారం.

పొద్దు పొడిచింది. పంతులు ఉతికిన కోటు తొడుక్కున్నడు. గడీ ముంగట ఎట్లయినా ఇడువాల్సిందే అని చెప్పులు ఇంట్లనే ఇడిచిండు.

"ఏం చెప్తవ్?" అన్న.

"నువ్వేం చెప్పుమంటవ్?"

నోరు రాలే. నాకు! పల్లెంతట్ల నోరుగలదాన్నని పేరున్న నాకు. ఆయన నవ్వి, పోయిండు.

ఆయన మలుపు కాడికి పోయినంక ఉరికొచ్చి ఒర్రిన — "వద్దని చెప్పూ!"

తిరిగి చూడలే. చెయ్యి మాత్రం ఎత్తిండు. అవ్ అన్నట్టా, ఇంట్లకు పో అన్నట్టా? ఎనుకనే ఉరికి అడగొచ్చు గద. వచ్చి గడప మీద కూసున్న, ఆ తరి పొలం ఇంకా కండ్ల ముంగటనే ఉన్నది. ప్రభువా, ఆయన్ని గడీల పట్టుకో. నన్ను గీ గడప మీద పట్టుకో.