మచ్చలు తీసిన ఫోటో

రాజేశ్వరీ,

నువ్వు పోయి ఏడాదయింది. మన స్టూడియోకి కంప్యూటర్ వచ్చింది.

ఫోటో తీసినప్పుడల్లా "గీ మచ్చలు జర తీసెయ్యరాదు" అనేదానివి. నీ ముఖం మీది మశూచి మచ్చలు నెగెటివ్ మీద పెన్సిల్‌తో ఎంత దిద్దినా పోయేవి కావు. మొన్న కంప్యూటర్‌లో ఒక్కొక్కటే తుడిచేసి, సంవత్సరీకానికి ఫ్రేమ్ కట్టించాను.

పెద్దపల్లి నుంచి మీ అమ్మ వచ్చి, దాని ముందు చాలాసేపు నిలబడింది.

"గీమె ఎవరు కొడుకా?"

"మన రాజే, అత్తా. మచ్చలు తీసేసిన."

"అమ్మతల్లి పోసినప్పుడు నెలదినాలు ఒళ్లె పెట్టుకొని బతికించుకున్న. నాకు గా మొఖమే ఇయ్యి" అంది.

మచ్చలున్న పాత ఫోటోనే నెగెటివ్ నుంచి మళ్లీ కడిగి ఇచ్చాను. కొంగులో చుట్టుకొని సాయంత్రం బస్సెక్కింది.

నువ్వు కోరుకున్న ఫోటో గోడ మీదే ఉంది. దానికి దండ వేయడానికి మాత్రం నాకు చేతులు రాలేదు.