దారి మళ్లిన యూరియా ఓడలు

బోథ్, బుధవారం రాత్రి

ముప్పు కళ్లారా చూసి కూడా నోరు మూసుకునేవాణ్ని కావలివాడు అంటారా?

యూరియా తెచ్చే ఓడలు ఇవాళ కూడా రేవుకు రాలేదు. ఎవరైనా చూడగలిగే ఓడల మ్యాపు, రేవువాళ్లు బయటపెట్టే రాకల పట్టిక, యుద్ధ వార్తలు పక్కపక్కన పెట్టి వారం నుంచి ఫోన్‌లో చూస్తున్నాను. యుద్ధానికి భయపడి ఓడలు చుట్టుదారి పట్టాయి. ఇది నాకెవరూ నేర్పలేదు. బైబిలు వాక్యం నేర్చుకున్నట్టే నా అంతట నేనే నేర్చుకున్నాను.

సాయంత్రం చర్చిలో నేను ప్రార్థన చేయించాక చెబితే సంఘపెద్ద రాజన్న అందరి ముందూ నవ్వాడు. "అయ్యగారూ, దేవుడు నీకు గిప్పుడు ఓడలు సుత చూపిస్తుండా? గోదాంల బస్తాలున్నయి, ఫికర్ జేయకు."

మా సంఘంలోనే పత్తి వేసే పోసవ్వ కూడా వినలేదు. "జర వాన పడనీ అయ్యగారూ. పత్తి మోకాలెత్తయినంక కొంట."

పోయినేడూ ఇదే మాట అంది. అప్పుడూ నేను మ్యాపు చూశాను, నవ్వుతారని చెప్పలేదు. ఆమె రెండు రోజులు యూరియా అమ్మే సొసైటీ ముందు చెప్పులు వరుసలో పెట్టి, వట్టి చేతులతో తిరిగొచ్చింది. మూడెకరాల పత్తి పసుపెక్కిపోయింది. ఆ పాపం మూసుకున్న నా నోటిది.

ఈసారి నా అంచనా తప్పితే... తప్పనీ, రాజన్న నవ్వనీ! బస్తాలు ముందే ఇంటికి చేరితే పోసవ్వకు పోయేదేముంది?

లే, కావలివాడా. తెల్లారేదాకా ఆగకు. ఇప్పుడే ఆమెకు ఫోన్ చెయ్యి: "పోసవ్వా, పాసుబుక్కు తీసి పెట్టు. సొసైటీ తలుపు తీసేసరికి మనమే ముందుండాలె!"