స్టాంపు లేని సగం

ఫిబ్రవరి 6, 2017

థర్డ్ ఇయర్ పుస్తకాలన్నీ నా ఫోన్లోకి వచ్చేశాయి. అన్నీ పీడీఎఫ్‌లు, అన్నీ ఫ్రీ. ఒక్క మెషీన్ డిజైన్ టెక్స్ట్‌బుక్ ఖరీదుతో కోటబొమ్మాళిలో మా నాన్న అరెకరానికి ఎరువు కొంటాడు. కొనేవాళ్ళు కొనుక్కోనీ.

కుసుమ ఫోన్ చిన్నది. పీడీఎఫ్ తెరిస్తే హ్యాంగ్ అవుతుంది. అందుకని నా ఫోన్లోనే చదువుతుంది, నేను పడుకున్నప్పుడు, స్నానానికి వెళ్ళినప్పుడు. బదులుగా గిన్నెలన్నీ తోముతుంది. నేను తోమమనలేదు. వద్దనీ అనలేదు.

మెకానికల్లో ఆడపిల్లలం మేమిద్దరమే. అందుకే అరసవల్లిలో ఒకే గది, ఒకే బస్సు, ఒకే బెంచీ. ప్రాణస్నేహితులమని క్లాసంతా అనుకుంటోంది. కుసుమ కూడా అనుకుంటోంది.

ఫిబ్రవరి 20

జగన్నాధం సార్ ఇవాళ బాంబు పేల్చారు. డిజైన్ పరీక్షకి డేటా బుక్ ఉండాలట. పట్టికలు, ఫార్ములాలు అన్నీ అందులోనే ఉంటాయి. హాల్లోకి తీసుకెళ్ళనిచ్చే పుస్తకం అదొక్కటే. అది లేకపోతే లెక్క మొదలే కాదు. జిరాక్స్ కుదరదు, ఫోన్ అసలే కుదరదు. కొన్న పుస్తకం తెస్తే మొదటి పేజీలో పేరు రాసి, సంతకం చేసి, డిపార్ట్‌మెంట్ స్టాంపు వేస్తారట. లైబ్రరీ కాపీలు ఎప్పుడో టాపర్ల సంచుల్లోకి వెళ్ళిపోయాయి.

ఈ పేపర్ పోతే ఆగస్టులో వచ్చే కంపెనీ ముందు కూర్చోనివ్వరు. మా బ్రాంచికి వచ్చేది అదొక్కటే. బ్యాక్‌లాగ్ ఉన్నవాళ్ళని లోపలికే రానివ్వరు. ఉద్యోగం రాకపోతే నేను ఇంటికెళ్ళి మినుములు చెరుగుతాను. కుసుమ వాళ్ళమ్మతో పాటు చేపల తట్ట ఎత్తుకుంటుంది.

మార్చి 3

ఇద్దరం కలిసి ఒకటే కొన్నాం. కుసుమ ఐడియా. ఎలాగూ పక్కపక్కన కూర్చుంటాం, ఒకరి తరవాత ఒకరం చూసుకోవచ్చు, ఇన్విజిలేటర్లు ఏమీ అనరు అంది. ఏటా అలాగే జరుగుతోంది.

కుసుమ వాళ్ళమ్మ అసిరమ్మ పిన్ని కళింగపట్నంలో ఎండుచేపలు అమ్ముతుంది. ఆవిడ పంపిన సగం డబ్బూ నీచు వాసన. నేను ముక్కు మూసుకున్నాను. కుసుమ చూసి నవ్వింది. దానికి ఉక్రోషం అనేది దేవుడు పెట్టలేదు.

స్టాంపు వేసేటప్పుడు ఎవరి పేరు రాయాలని సార్ అడిగారు. ఇద్దరిదీ రాయమంది కుసుమ. కుదరదు, పుస్తకానికి ఒక పేరే అన్నారు. నేను ముందు నిలబడ్డాను. దుర్గాభవాని అని నా పేరే రాశారు.

ఏప్రిల్ 17

కొంప మునిగింది. ఈసారి హాల్లో పుస్తకాలు మార్చుకుంటే కాపీ కేసు పెడతారట. పైగా సీటింగ్ మారింది. నాది ఒక గది, కుసుమది పక్క గది. ఇంకో పుస్తకం కొనడానికి ఇద్దరి దగ్గరా డబ్బుల్లేవు.

ఏప్రిల్ 19

మా మోహనకృష్ణ బావ ఇదే బ్రాంచి, రెండేళ్ళు సీనియర్. ఫోన్ చేశాను. గేర్లు, బేరింగులు గ్యారంటీ, మిగతాది చూడకపోయినా పాసైపోతావన్నాడు. ఆ రెండూ పుస్తకంలో వెనక సగంలో ఉన్నాయి.

ఈ సంగతి కుసుమకి చెప్పలేదు.

ఏప్రిల్ 20

పుస్తకాన్ని కోయించాం.

ఐడియా నాది. మా ఊళ్ళో అన్నదమ్ములు మడి పంచుకున్నట్టు సగం నీది, సగం నాది అన్నాను. అదీ ఒప్పుకుంది. కాలేజీ ఎదురుగా జిరాక్స్ షాపు గంగరాజు పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "కొత్త పుస్తకాన్ని కోసీమంటారేటి తల్లీ" అన్నాడు. కోశాడు. రెండు సగాలకీ స్పైరల్ వేశాడు.

నువ్వే ముందు ఏరుకో అంది కుసుమ. నేను కాసేపు ఆలోచిస్తున్నట్టు నటించాను. మెటీరియల్ టేబుల్స్ ముందు సగంలో ఉంటాయి, ప్రతి లెక్కకీ అవి కావాలి, మంచి సగం నువ్వు తీసుకో అన్నాను. నాకు కావలసిన స్టీల్ విలువలు నేను అప్పటికే బట్టీపట్టేశాను. థాంక్స్ చెప్పింది.

పడుకునేటప్పుడు సంతోషంగానే ఉంది నాకు. రాయడానికి సిగ్గెందుకు, ఇది ఎవరూ చదవరు.

ఏప్రిల్ 24, సాయంత్రం

పరీక్ష మొదలైన గంటకి స్క్వాడ్ వచ్చింది. బట్టతలాయన నా సగం తీసి చూశాడు. అట్ట లేదు, పేరు లేదు, సంతకం లేదు, స్టాంపు లేదు. అవన్నీ ముందు సగంలో ఉన్నాయి. గేర్ల ఆశలో ఆ ఒక్క పేజీ నాకు గుర్తు రాలేదు. జిరాక్స్ తెచ్చావన్నాడు. మాల్‌ప్రాక్టీస్ రాస్తానన్నాడు. అది రాస్తే పేపర్ ఒక్కటే కాదు, ఏడాదే పోతుంది.

లేచి నిలబడ్డాను. మొదటి సగం పక్క గదిలో కుసుమకుమారి దగ్గర ఉంది సార్, నా పేరే ఉంటుంది చూడండి అన్నాను. మా ఇద్దరిదీ అనాలి. అనలేదు.

కుసుమని వరండాలోకి పిలిచారు. ద్వారంలోంచి నన్ను చూసింది. నిలబడి ఉన్నాను, నా ముఖం ఎలా ఉందో తెలీదు. ఇద్దరిదీ అని అది అంటే ఇద్దరి మీదా రాసేవాడేమో. అననే లేదు.

"ఇది భవానీదే సార్. నాను అడిగితే ఇచ్చినాది" అంది.

ఆయన రెండు సగాలూ పక్కపక్కన పెట్టి, పేజీ నంబర్లు కలిపి చూశాడు. కలిశాయి. పేరు ఎవరిదైతే పుస్తకం వాళ్ళదే అన్నాడు. మొత్తం తెచ్చి నా డెస్క్ మీద పెట్టాడు. అరువు పుస్తకంతో వచ్చినందుకు కుసుమని మందలించి, ఉత్త చేతులతో పంపించాడు.

ఇంకా రెండు గంటలు ఉంది. నేను కూర్చున్నాను. రాశాను. గేర్లు వచ్చాయి, బేరింగులు వచ్చాయి. నా పెన్ను ఒక్కసారి కూడా ఆగలేదు.

గేటు దగ్గర నా కోసం నిలబడి ఉంది. ఎలా రాశావని నేను అడగలేదు. అదే చెప్పింది.

"నువ్వైనా రాసినావు కదే. సాల్లే."

ఆటోలో దాని మీద నాకు చచ్చేంత కోపం వచ్చింది. తిట్టొచ్చు కదా. అందరి ముందూ చెంపదెబ్బ కొట్టొచ్చు కదా. ఇంటికొచ్చి నాకిష్టమని చింతచిగురు పప్పు చేసింది. రెండుసార్లు వడ్డించుకున్నాను.

ఏప్రిల్ 25

ఇవాళైనా గిన్నెలు నేను తోముదామనుకున్నాను. లేచేసరికి తోమేసింది.

జూన్ 28

రిజల్ట్స్. నేను అన్నీ పాస్. కుసుమకి డిజైన్ ఒక్కటే తప్పింది. మిగతా అన్నింట్లో నాకంటే దానికే ఎక్కువ. నా ఫోన్లో చదివి.

అసిరమ్మ పిన్ని దాని ఫోన్‌కి చేసింది. అది ఏడుస్తోంది, మాట్లాడలేనని నాకు ఇచ్చింది.

"పుస్తకం కొన్నాం కదమ్మా, మరెలాగ తప్పినాది?" అంది ఆవిడ.

సరిగ్గా చదవలేదు పిన్నీ అన్నాను.

కుసుమ అక్కడే ఉంది. విన్నది. నా చేతిలోంచి ఫోన్ తీసుకుని, అవునమ్మా, సదవలేదు అంది.

ఆగస్టు 11

సెలెక్టయ్యాను. విశాఖపట్నం ప్లాంటు.

నా చుడీదార్ కుసుమే ఇస్త్రీ చేసి ఇచ్చింది. ఇంటర్వ్యూలో టీమ్ వర్క్‌కి ఉదాహరణ చెప్పమన్నారు. పుస్తకాలు ఖరీదని నేనూ నా ఫ్రెండూ ఒకే పుస్తకం పంచుకుని చదివామని చెప్పాను. బాగా మెచ్చుకున్నారు. ఆ ఫ్రెండ్ కూడా వచ్చిందా అని అడిగారు. లేదండీ, తనకి బ్యాక్‌లాగ్ అన్నాను.

బయటికొచ్చి వాంతి చేసుకున్నాను. తరవాత మా నాన్నకి ఫోన్ చేశాను. ఊరంతా స్వీట్లు పంచుతానన్నాడు.

అక్టోబరు 9

ఆ కంపెనీ డిసెంబరులో మళ్ళీ వస్తుందట. సప్లిమెంటరీలో పాసైనవాళ్ళని కూడా కూర్చోనిస్తారట. అదే ప్లాంటు. కుసుమ ఎగిరి గంతేసింది. ఇద్దరం ఒకే సోట ఉందుమే, గాజువాకలో గది తీసుకుందుమే అని ఒకటే గోల.

అంటే రోజూ పొద్దున్నే ఆ ముఖం చూడాలి. జన్మంతా నా గిన్నెలు తోముతూనే ఉంటుంది.

అక్టోబరు 12

కుసుమ నా ట్రంకుపెట్టె మీద కూర్చుని, సార్ చేత పేరు మార్పించుకుంటానని, సప్లీకి డేటా బుక్ ఇమ్మంది. జూనియర్లెవరో పట్టుకుపోయారన్నాను. పుస్తకం ఆ పెట్టెలోనే ఉంది.

నమ్మింది. లేచి, బియ్యం కడగడానికి వెళ్ళింది.