ఆయుధపూజకి గీకేసిన లేబుళ్లు

సెప్టెంబర్ 3, బుధవారం

పొద్దున క్లాసు జరుగుతుండగా అయిదు కంప్యూటర్ల తెరల మీదా మూలన బూడిదరంగు అక్షరాలు... లైసెన్స్ యాక్టివేట్ చేయండి. అన్నింటికీ ఒకే మాట. ఆన్‌లైన్‌లో డిస్కౌంట్‌కి కొన్న లైసెన్స్ కీ అది. జీవితకాలం పనిచేస్తుందని అమ్మినవాడు రాశాడు. ఎవరి జీవితకాలమో రాయలేదు.

"ఏందక్కా ఇది? మేము ఏమన్నా నొక్కినామా?" నాగవేణి భయపడింది. మీరేం చేయలేదు, టైపు చేయండి అన్నాను.

సెప్టెంబర్ 4

అమ్మినవాడు జవాబివ్వడం లేదు. కూర్చుని చదివాను. అది ఏదో పెద్ద సంస్థ తన మెషీన్ల కోసం తీసుకున్న కీ అట. దాన్ని ఎవడో బయట ముక్కలు ముక్కలుగా అమ్ముకున్నాడు. అసలు ధరలో పదో వంతుకే ఇస్తున్నాడంటే అనుమానం రావద్దా నాకు? నా మీద నాకే ఒళ్లు మండుతోంది.

సెప్టెంబర్ 8, సోమవారం

సమయం చూసుకుని ఇవాళే వచ్చాడు పరిశీలనకి ఆఫీసర్. బళ్లారి బ్రూస్‌పేటలో మిద్దె మీది మా ఇన్‌స్టిట్యూట్‌ని కంప్యూటర్ పరీక్షకి సెంటర్‌గా ఇవ్వమని నేనే అర్జీ పెట్టుకున్నాను. అయిదూ చూశాడు. లైసెన్స్ అసలుది కాదు — ఒకటి. ఉన్నది హోమ్ ఎడిషన్ — రెండు.

"హోమ్ అంటే ఇంటికి మేడమ్. పరీక్ష సాఫ్ట్‌వేర్‌కి ప్రో ఎడిషన్ బేకు, అదే కావాలి. దసరా అయినాక మళ్లీ వస్తా, స్వల్ప సరి చేసుకోండి." సగం కన్నడంలో, మర్యాదగానే చెప్పాడు పాపం.

సెంటర్ రాకపోతే మా వాళ్లంతా పరీక్షకి హుబ్బళ్లి పోవాలి. నాగవేణి పోయినసారి అందుకే రాయలేదు. తారానగర్ నుంచి ఇక్కడికి రావడానికే ఇంట్లో రోజూ ఒక యుద్ధం. ఇద్దరు పిల్లల తల్లి, వేళ్లు మాత్రం తెరకంటే ముందు పరిగెడతాయి. ఈసారి ఆమె రాయాలి. రాయాల్సిందే.

సెప్టెంబర్ 9

ఎడ్యుకేషన్ ఎడిషన్! ధర చూసి ఎగిరి గంతేశాను. తర్వాత షరతులు చదివాను. గుర్తింపు ఉన్న బడులకీ కాలేజీలకీ మాత్రమే. మాలాంటి మిద్దె మీది చదువులకి కాదు.

హోమ్ నుంచి ప్రోకి మారే డిస్కౌంట్ ఇంకోటి ఉంది. కానీ కింద ఉన్న హోమ్ అసలుదై ఉండాలి. అదే లేదు కదా నా దగ్గర.

సెప్టెంబర్ 13, శనివారం

పాత కంప్యూటర్లు అమ్మే ఖాజా భాయ్ దగ్గరికి వెళ్లాను. ఈ మెషీన్లన్నీ అతను ఇచ్చినవే.

"అరె మేడమ్, పక్కా మాల్ ఇచ్చినా మీకు. పెద్ద ఆఫీసోళ్లవి అవి. డబ్బా మీద లైసెన్స్ లేబుల్ ఉండె, చూడలేదా?"

లేబులా? ఇంటికొచ్చి అయిదింటినీ తిప్పి తిప్పి చూశాను. తళతళా మెరుస్తున్నాయి.

సెప్టెంబర్ 14

అత్త చెప్పింది, వత్తులు చేసుకుంటూ. "ఆ కాయితాలా? పోయిన ఆయుధపూజకి నేనే గీకేసినా. కిరసనాయిలు పెట్టి రుద్దితే గానీ ఊడలేదు ముండవి. పూజకి పెట్టేది శుభ్రంగా ఉండొద్దా ఏమే?"

కుట్టుమిషనుకి, గ్రైండరుకి, స్కూటీకి చేసినట్టే వీటికీ చేసింది. విభూతి, కుంకుమ, నిమ్మకాయ. కోపమూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

సెప్టెంబర్ 16

ఆరోది!! స్టోర్‌రూములో చెడిపోయి పడున్నది. దాని మీద జొన్నల మూట ఉండడంతో అత్త చెయ్యి పడలేదు. మూట దించాను. లేబుల్ ఉంది. దాని మీద ప్రో అని ఉంది.

అన్నీ ఒకే ఆఫీసు నుంచి వచ్చినవే కదా... అయితే అన్నీ ప్రోనే కదా. మరి హోమ్ ఎలా అయ్యాయి? ఓహ్. మా ఇంటి కంప్యూటర్లో ఉన్న హోమ్‌నే అయిదింటికీ కాపీ కొట్టాను. ఒక గిన్నెలో వండి అన్ని విస్తళ్లలో వడ్డించినట్టు. ఇక్కడ అందరూ చేసేది అదే.

సెప్టెంబర్ 17

ఇలాంటి మెషీన్లకి కీ లేబుల్ మీద ఉండదట. తయారుచేసేటప్పుడే లోపలి బోర్డులో రాసేస్తారట. గీకితే పోయేది కాదు.

ఒకదాంట్లో ఉన్నదంతా తుడిచేసి, కాపీ కొట్టకుండా కొత్తగా వేశాను. కీ అడగలేదు. నెట్ కలిపాను... ప్రో. యాక్టివేట్ అయింది. గట్టిగా అరిచేశాను.

"ఏమైందే, తేలు కుట్టిందా?" అత్త చీపురు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. ముద్దు పెట్టుకున్నాను ఆమెను.

సెప్టెంబర్ 20

నాలుగు అయ్యాయి. అయిదోది మాత్రం కీ అడుగుతోంది.

ఖాజా భాయ్ ఫోన్‌లో తాపీగా: "దానికి బోర్డు మార్చినా కదా మేడమ్. చెప్పినా మీకు." చెప్పలేదు. పాత బోర్డుతో పాటే దాని లైసెన్స్ కూడా పోయింది.

దానికొక్కదానికి ప్రో కొన్నాను, బిల్లు ఇచ్చే దుకాణంలో. డిస్కౌంట్ లేదు. రేపు ఈ డబ్బా చెడినా ఇంకోదానికి మార్చుకోగలిగే రకం. మనసు తేలికగా ఉంది.

సెప్టెంబర్ 26

ఆఫీసర్‌కి ఫోన్ చేశాను. అన్నీ సరిచేశాం, రుజువుగా చూపడానికి లేబుళ్లు మాత్రం లేవు అని ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఎలా పోయాయి అన్నాడు. చెప్పాను. అటువైపు రెండుసార్లు దగ్గాడు. నవ్వాపుకుంటున్నాడేమో.

"లేబుల్ లేకుంటే ఒప్పుకుంటారో లేదో మేడమ్... పైవాళ్లని కేళి, అడిగి చూస్తా."

చూస్తా అన్నాడు. కాదనలేదు.

అక్టోబర్ 1, ఆయుధపూజ

ఈసారి అత్త చేతిలో కిరసనాయిలు లేదు, తడిగుడ్డ ఉంది. "యాడ రుద్దల్ల, యాడ రుద్దగూడదో నువ్వే సెప్పు తల్లీ." ఆరోదాన్ని కూడా పైకి తెచ్చాం. అది నడవదు. అయినా లేబుల్ ఉన్నది దానికే. అత్త ఆ లేబుల్‌ని తాకకుండా చుట్టూ కుంకుమ పెట్టింది.

నాగవేణి బంతిపూలు తెచ్చింది, సంచిలో పరీక్ష ఫారం కూడా. అంతా నింపింది. పరీక్ష కేంద్రం దగ్గర మాత్రం ఖాళీ.

"ఈడ ఏమి రాయాలక్కా? హుబ్బళ్లి అంటే మా ఇంటాయన పంపడు. ఎల్లుండే ఫారం పంపల్ల."

హారతి పళ్లెం చేతిలోనే ఉంది. ఆఫీసర్ దగ్గరి నుంచి ఇంకా ఫోన్ రాలేదు.

బళ్లారి అని రాయి, అన్నాను. రాసింది.